ఇసుక సంచులతో విమానం రెక్కను పరీక్షించడం ఎలా?

సొంతంగా కట్టుకున్న విమానం మొదటిసారి గాల్లోకి లేవకముందే దాని రెక్క ఎంత మోయగలదో నేలమీద తేల్చుకోవచ్చు. పద్ధతి చాలా పాతది. గాల్లో రెక్క మీద బలం పైకి నెడుతుంది కాబట్టి విమానాన్ని తలకిందులుగా బిగించి, రెక్కల మీద లెక్క ప్రకారం ఇసుక సంచులు పేరుస్తారు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. చిక్కల్లా, చాలామంది దీన్ని "విరిగిందా, లేదా" అనే ఒక్క ప్రశ్నతో ముగించేస్తారు. బరువు పెరిగేకొద్దీ వంపు ఒకే లెక్కన పెరిగిందా, లోడు మీద ఉండగా ఎయిలరాన్ (విమానాన్ని పక్కకు ఒరిగించే, రెక్క వెనుకంచున కదిలే పలక) కదిలిందా, సంచులన్నీ దించాక రెక్క మొదట ఉన్న చోటికే తిరిగొచ్చిందా అన్నవి చూడకపోతే అంత శ్రమా పడి సగం సమాచారం కూడా తీసుకోనట్టే.

ముందు ఈ పరీక్ష మీకు అవసరమో కాదో చూసుకోండి. పేరున్న కిట్‌ను ప్లాన్‌లో ఉన్నది ఉన్నట్టు కడుతుంటే డిజైనర్ ఈ పని ఎప్పుడో చేసి ఉంటాడు. మంచి రెక్కను ఉత్తి పుణ్యానికి హింసించొద్దు. డిజైన్ మీదే అయినా, ప్లాన్‌లో చెప్పిన స్పార్ (రెక్క పొడవునా సాగే ప్రధాన దూలం) సామగ్రి మార్చినా, రెక్క పొడవు పెంచినా, బరువైన ఇంజన్ పెట్టడంతో విమానం మొత్తం బరువు పెరిగినా అవసరమే.

రెండు మాటలు, ఒక గుణకం

విమానం తన జీవితకాలంలో ఎదుర్కోవచ్చని మీరు ఒప్పుకున్న అతిపెద్ద బరువు లిమిట్ లోడ్. ఆ బరువు దగ్గర రెక్క ఎంత వంగినా ఫర్వాలేదు, కానీ దించాక శాశ్వతంగా వంకర మిగలకూడదు, కంట్రోల్స్ పట్టేయకూడదు. దానికి ఒకటిన్నర రెట్లు అల్టిమేట్ లోడ్. అక్కడ రెక్క వంకరపోవచ్చు, ముడతలు పడొచ్చు, కానీ కనీసం 3 సెకన్లు విరగకుండా నిలబడాలి.

లిమిట్ ఎంత పెట్టుకోవాలి? అమెరికా పార్ట్ 23 నిబంధనల పాత రూపంలో చిన్న విమానాలకు నార్మల్ వర్గానికి 3.8 జీ (1 జీ అంటే విమానం మామూలు బరువంత), యుటిలిటీకి 4.4 జీ, ఏరోబాటిక్‌కు 6 జీ ఉండేవి. 2017లో ఆ నిబంధనలను తిరగరాశారు గానీ డిజైనర్లు ఈనాటికీ ఈ అంకెలతోనే మాట్లాడుకుంటారు. లైట్ స్పోర్ట్ విమానాల ప్రమాణంలో పైకి 4, కిందికి 2 జీ. సొంతంగా కట్టుకున్న విమానాలు వచ్చే ఎక్స్‌పెరిమెంటల్ వర్గంలో ఈ పరీక్ష తప్పనిసరా కాదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. మీ విమానయాన అధికారులు ఏ కాగితాలు అడుగుతారో, పరీక్ష రోజు తమ మనిషిని పంపుతామంటారో ముందే కనుక్కోండి. అయిపోయాక చెబితే మళ్ళీ మొదలుపెట్టాల్సి రావచ్చు.

ఏ రెక్కను పరీక్షిస్తున్నారు?

ఎగరబోయే రెక్కను లిమిట్ లోడ్ దాటించొద్దు. అల్టిమేట్ వరకూ వెళ్ళొచ్చిన రెక్క పైకి చెక్కుచెదరనట్టు కనిపించినా, లోపల బోల్టు రంధ్రాలు సాగి ఉండొచ్చు, జిగురు పొరలు విడిపోయి ఉండొచ్చు. దాన్ని ఎగరనివ్వకూడదు. అల్టిమేట్ పరీక్ష కోసం అచ్చం అలాంటిదే ఇంకొక రెక్క కట్టాలి. ఒక వైపు రెక్కనే కట్టి, గట్టి స్టాండుకు బిగించి పరీక్షించేవారూ ఉన్నారు. అప్పుడు రెక్క సంగతి తెలుస్తుంది, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) లోంచి వెళ్ళే మధ్యభాగం సంగతి తెలియదు.

రెండో రెక్క కట్టే స్తోమత లేదంటే ఒక దారి ఉంది. ఎగరబోయే రెక్కను 4 జీ వరకూ తీసుకెళ్ళి, ఎలాంటి వంకరా మిగలకుండా తెచ్చారనుకోండి. కేవలం ఆ పరీక్షను నమ్ముకుని ఎగిరేటట్టయితే 4ను 1.5తో భాగించి, 2.67 జీ దగ్గరే గీత గీసుకోవాలి. లెక్కల్లో 6 జీ ఆగుతుందని రాసి ఉంది కదా అంటారు. లెక్కల మీద పూర్తి నమ్మకం ఉంటే అసలు పరీక్ష ఎందుకు?

లోడ్ పట్టిక తయారు చేయండి

ఈ పరీక్షలో కష్టమైన భాగం ఇసుక మోయడం కాదు, ఏ చోట ఎంత పెట్టాలో రాసుకోవడం. ఒక ఉదాహరణ తీసుకుందాం. విమానం మొత్తం బరువు 500 కేజీలు. రెండు రెక్కలు కలిపి 80 కేజీలు. ఒక్కో రెక్క 4.5 మీటర్ల పొడవు, మొదలు నుంచి కొనదాకా ఒకే వెడల్పు, 1.2 మీటర్లు. లిమిట్ 4 జీ. ఫ్యూజలాజ్ కింద ఉండే రెక్క భాగాన్ని లెక్కలోంచి వదిలేద్దాం.

4 జీ దగ్గర రెక్కలు 2,000 కేజీల లిఫ్ట్ (పైకెత్తే బలం) పుట్టించాలి. కానీ రెక్క బరువు కూడా ఆ క్షణంలో నాలుగు రెట్లవుతుంది, అది లిఫ్ట్‌కు ఎదురుగా లాగుతుంది. అంటే రెక్క తన బరువును తానే అక్కడికక్కడ మోసుకుంటుంది, ఆ మేరకు స్పార్‌కు ఊరట. నికరంగా స్పార్ మీద పడేది 4 × (500 − 80), అంటే 1,680 కేజీలు. ఒక్కో వైపు 840.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. విమానం తలకిందులుగా ఉంది కాబట్టి రెక్క సొంత బరువు ఇప్పుడు సంచులతో పాటు అదే దిశలో లాగుతోంది. ఒక్క సంచి పెట్టకముందే ఒక్కో వైపు 40 కేజీల లోడు, అంటే దాదాపు 5 శాతం, ఎక్కేసినట్టే. దాన్ని కూడా తీసేస్తే పెట్టాల్సిన ఇసుక ఒక్కో వైపు 800 కేజీలు. అల్టిమేట్‌కు ఈ 800నే ఒకటిన్నర రెట్లు చేసి 1,200 అనుకోకూడదు. 840ని 1.5తో గుణిస్తే 1,260, అందులోంచి 40 తీస్తే 1,220. మధ్య మెట్లకూ ఇదే పద్ధతి: 20 శాతానికి 128 కేజీలు, 40కి 296, 60కి 464, 80కి 632, 90కి 716.

రెక్కల్లో ఇంధనం ట్యాంకులుంటే అవి ఖాళీగా ఉన్నట్టు లెక్కించండి. రెక్కలోని ఇంధనం కూడా స్పార్‌కు ఊరటే కాబట్టి, ట్యాంకు ఖాళీ అయి క్యాబిన్ నిండుగా ఉన్న స్థితే కఠినమైనది. విమానాన్ని నిలకడగా ఉంచడానికి తోక కిందికి తోస్తుంటే ఆ బలాన్నీ రెక్కే మోయాలి. మీ బ్యాలెన్స్ లెక్కల్లోంచి దాన్ని తీసి కలపండి. మన ఉదాహరణలో వదిలేశాను.

ఇప్పుడు ఈ 800 కేజీలను పొడవునా ఎలా పంచాలి? రెక్క మీద లిఫ్ట్ సమానంగా ఉండదు, కొన దగ్గర తగ్గిపోతుంది. దీనికి ష్రెంక్ పద్ధతి సరిపోతుంది. 1940లో నాకా (నాసాకు ముందున్న అమెరికా వైమానిక పరిశోధన సంస్థ) దీన్ని ఇంగ్లీషులో ప్రచురించింది, చిన్న విమానాలు కట్టేవాళ్ళు నేటికీ వాడుతున్నారు. చేయాల్సింది ఇంతే. ప్రతి చోటా రెక్క అసలు వెడల్పు రాసుకోండి. అంతే వైశాల్యం ఉన్న దీర్ఘవృత్తాకారపు రెక్క అయితే అక్కడ ఎంత వెడల్పు ఉండేదో రాసుకోండి. రెండింటి సగటు నిష్పత్తిలో లిఫ్ట్ పంచండి. రెక్కకు మెలిక ఉన్నా, ఫ్లాప్స్ దించిన స్థితి చూడాలన్నా, రెక్క వెనక్కి వాలి ఉన్నా ఇది చాలదు, సరైన ఏరోడైనమిక్ సాఫ్ట్‌వేర్ వాడండి.

మన రెక్కను అర మీటరు చొప్పున తొమ్మిది గడులు చేస్తే, లిఫ్ట్‌లోంచి ఆ గడి రెక్క బరువుకు అయిదు రెట్లు (విమానంలో నాలుగు, తలకిందులైనందుకు ఒకటి) తీసేశాక, లిమిట్ దగ్గర పెట్టాల్సిన ఇసుక ఇలా వస్తుంది. మొదలు నుంచి కొన వైపు, కేజీల్లో:

104, 103, 101, 98, 94, 89, 82, 72, 56

దశాంశాలు వదిలేశాను కాబట్టి కూడితే ఒక కేజీ తక్కువ వస్తుంది. ఈ పంపకంతో రెక్క మొదట్లో వంచే మొమెంట్ (ప్రతి గడి బరువును మొదలు నుంచి దాని దూరంతో గుణించి కూడితే వచ్చేది) సుమారు 1,636 కేజీ-మీటర్లు. అదే 800 కేజీలను పొడవునా సమానంగా పరిచేస్తే 1,800 అవుతుంది. పదో వంతు ఎక్కువ. అంటే పట్టిక లేకుండా సమానంగా పేరిస్తే మంచి రెక్కను అన్యాయంగా విరగ్గొట్టవచ్చు. కొన మీద మొహమాటపడి సంచులన్నీ మొదలు వైపు నెట్టేస్తే అంతకన్నా ప్రమాదం, చెడ్డ రెక్క పాసైపోతుంది. మొత్తం బరువు సరిపోయిందని సంబరపడకుండా ప్రతి మెట్టు దగ్గరా ఈ మొమెంట్ లెక్క సరిచూడండి.

వెడల్పులో ఎక్కడ?

విమానం ముక్కెత్తి గట్టిగా లాగినప్పుడు లిఫ్ట్ కేంద్రం రెక్క వెడల్పులో ముందునుంచి నాలుగో వంతు దగ్గర ఉంటుంది. వేగంగా డైవ్ చేసేటప్పుడు వెనక్కి జరుగుతుంది, అప్పుడు రెక్క మెలితిరుగుతుంది. ఒకే పరీక్షతో రెండూ తేలవు. ఒక్క స్పార్ ఉన్న రెక్కకు మొదటిది వంపు పరీక్ష, రెండోది మెలిక పరీక్ష. కనీసం మీ లెక్కల్లో ఏది గట్టి పరీక్షో చూసి దాన్ని ఎంచుకోండి.

ముక్కెత్తిన స్థితిలో ఇంకో సంగతి ఉంది. లిఫ్ట్ గాలి దిశకు లంబంగా ఉంటుంది గానీ రెక్క వాలి ఉంటుంది కాబట్టి, రెక్క వైపు నుంచి చూస్తే బలం కొంత ముందుకు వాలుతుంది. రెక్క ముందుకు ఊడిరావాలని చూస్తుంది! దీన్ని పరీక్షలో చూపించాలంటే తలకిందులు చేసిన విమానాన్ని ముందంచు కాస్త కిందికి ఉండేలా వాల్చి బిగించాలి. రెక్క దాడి కోణం (రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణం) లోంచి, డ్రాగ్‌ను (గాలి వెనక్కి లాగే బలాన్ని) లిఫ్ట్‌తో భాగిస్తే వచ్చే కోణాన్ని తీసేస్తే ఎంత వాల్చాలో తెలుస్తుంది. ఉదాహరణకు దాడి కోణం 15 డిగ్రీలు, డ్రాగ్ లిఫ్ట్‌లో పదో వంతు అయితే వాలు 9 డిగ్రీలు. సంచులు జారకుండా ముందంచు దగ్గర మెత్తటి అడ్డు కట్టండి.

స్టాండు, ఆనింపులు

వీలైతే అసలు ఫ్యూజలాజ్‌నే వాడండి. రెక్కకన్నా రెక్కను ఫ్యూజలాజ్‌కు పట్టుకునే ఫిట్టింగ్‌ల మీదే నాకు అనుమానం ఎక్కువ. ఇనుప స్టాండు కడితే బోల్టులు, పిన్నులు విమానంలో ఉన్న సైజుల్లో, ఉన్న చోట్లలోనే రావాలి. స్ట్రట్ (ఫ్యూజలాజ్ నుంచి రెక్కను ఆనే ఏటవాలు కడ్డీ) ఉన్న రెక్కకు స్ట్రట్ కోణం కూడా సరిగ్గా అదే ఉండాలి. ఆ కోణం రెండు డిగ్రీలు మారినా స్పార్ మీద పడే నొక్కుడు మారిపోతుంది.

స్టాండు కూడా వంగుతుంది, నేల కూడా కుంగుతుంది. అందుకే రెక్క మొదటి దగ్గర రెండు డయల్ గేజ్‌లు పెట్టండి. కొన 90 మిల్లీమీటర్లు దిగిందని రాసుకుని, అందులో 15 స్టాండు తిరిగినందువల్ల వచ్చిందని తర్వాత తెలిస్తే ఆ రికార్డు ఎందుకూ పనికిరాదు. గేజ్‌లను స్టాండుకు కాదు, దానితో సంబంధం లేని వేరే ఆధారానికి బిగించాలి.

కొనల కింద రెండు వైపులా జాక్‌లు పెట్టుకుంటే పని సుఖంగా, భద్రంగా సాగుతుంది. జాక్ మీద రెక్కను ఆనించి సంచులు పేర్చడం, అందరూ పక్కకు తప్పుకోవడం, జాక్‌ను మెల్లగా దించి బరువును రెక్కకు అప్పగించడం. ఏదైనా తేడా కొడితే జాక్‌ను పైకెత్తడం. జాక్ ఆనే చోటు స్పార్, రిబ్ (రెక్క వెడల్పులో ఉండే పక్కటెముక లాంటి చట్రం) కలిసే చోటే కావాలి, వెడల్పాటి మెత్తటి దిమ్మె మీద ఆనాలి. రెక్కను ఆనించిన స్థితిలో అక్కడ పడే బలాన్ని కూడా ముందే లెక్కించుకోండి, ఎందుకంటే డిజైనర్ కొన దగ్గర అంత బలాన్ని ఊహించి ఉండడు.

సంచులు

బాగా ఎండబెట్టిన ఇసుక, గట్టిగా కట్టిన సంచులు, సగం 10 కేజీలవి, సగం 5 కేజీలవి. ప్రతి సంచినీ సరిచూసిన కాటా మీద తూచి బరువు దానిమీదే రాయండి. తడి ఇసుక పరీక్ష రోజుకు ఆరి తేలికైపోతుంది, పొడి ఇసుక తేమ లాక్కుని బరువెక్కుతుంది. కాబట్టి పరీక్ష ఉదయం నాలుగైదు సంచులను తీసి మళ్ళీ తూచండి.

సంచులను విడివిడి దొంతరలుగా పేర్చాలి. ఒకదానికొకటి ఒరుసుకుంటే పక్క దొంతర మీదికి బరువు బదిలీ అయిపోతుంది, పట్టికలో రాసింది ఒకటి, రెక్క మోసేది ఇంకొకటి అవుతుంది. పైగా దొంతరల మధ్య సందు ఉంటేనే రేకు మీద ముడతలు కనిపిస్తాయి. రిబ్‌ల మీద బరువు పడేలా కింద చెక్క పలకలు వేయొచ్చు, కానీ అవి పొట్టివి కావాలి. మొదలు నుంచి కొనదాకా పొడుగాటి పలక వేశారంటే అది కూడా ఒక స్పార్‌లా పనిచేసి రెక్కను కాపాడేస్తుంది. గుడ్డ తొడిగే రెక్క అయితే గుడ్డ తొడగకముందే పరీక్షించండి.

ఇసుక ఎంత ఎత్తుకు లేస్తుందో కూడా చూసుకోండి. మన రెక్కకు అల్టిమేట్‌లో చదరపు మీటరుకు సుమారు 226 కేజీలు, అంతటా పరిస్తే 14 సెంటీమీటర్ల మందం. కానీ బరువు కేంద్రం నాలుగో వంతు దగ్గర ఉండాలి కాబట్టి ముందువైపు దొంతరలు దానికి రెట్టింపు దాటతాయి. ఒరిగి పడకుండా ముందు ఖాళీ నేలమీద ఒకసారి పేర్చి చూడండి.

ఏం కొలవాలి?

ప్రతి రెక్కకూ కనీసం మూడు చోట్ల: మొదటికి దగ్గర, మధ్యలో, కొన దగ్గర. ప్రతి చోటా ముందంచుకు ఒకటి, వెనుకంచుకు ఒకటి చొప్పున స్కేళ్ళు వేలాడదీసి, దూరంగా నిలబెట్టిన లేజర్ లెవెల్‌తో చదవండి. రెండు స్కేళ్ళ తేడా మెలిక చెబుతుంది. ఒక్క స్కేలు పెడితే వంపు మాత్రమే తెలుస్తుంది, రెక్క మెలితిరుగుతున్న సంగతి దాగిపోతుంది.

స్ట్రెయిన్ గేజ్‌లు (అతికించిన చోట లోహం ఎంత సాగిందో కొలిచేవి) దొరికితే స్పార్ పై పట్టీకి, కింది పట్టీకి మొదటి దగ్గర అతికించండి. 6061-టీ6 అల్యూమినియం సుమారు 4,000 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో 0.4 శాతం సాగుడు) దగ్గర శాశ్వతంగా సాగడం మొదలెడుతుంది. లిమిట్ దగ్గర మీ అంకె దానికి ఎంత దూరంలో ఉందో చూస్తే ఎంత ఊపిరి మిగిలిందో తెలుస్తుంది. గేజ్ పెట్టిన చోటు మాత్రమే అది చెబుతుందని మర్చిపోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, పరీక్షకు ముందే ప్రతి మెట్టు దగ్గర కొన ఎంత దిగాలో లెక్కకట్టి కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. 40 శాతం దగ్గర 30 మిల్లీమీటర్లు రావాల్సింది 42 వస్తే ఆగాలి. ముందే అంకె రాసుకోకపోతే ఆ క్షణంలో 42 కూడా బాగానే కనిపిస్తుంది. అలాగే ఆపాల్సిన సందర్భాలు కూడా ముందే రాసుకోండి: ఊహించినదానికన్నా 15 శాతం ఎక్కువ వంపు, బరువు పెట్టకుండానే దిగుతూ పోవడం, రెండు రెక్కల మధ్య తేడా, టప్పుమన్న శబ్దం. ఆపమనే అధికారం ఒక్కరిది కాదు, అక్కడున్న ప్రతి ఒక్కరిదీ. ఆ 15 నా అలవాటు, మీ లెక్కల మీద మీకున్న నమ్మకాన్ని బట్టి మార్చుకోండి.

ప్రాణభయం నిజమే

వంగిన రెక్క, దానిమీద టన్ను ఇసుక. విరిగితే ఒక్క క్షణంలో కిందికి వస్తుంది, విరిగిన ముక్క ఎటైనా ఎగరొచ్చు. రెక్క కింద చెక్క దిమ్మెలు పేర్చి, రెక్కకూ వాటికీ మధ్య ఎప్పుడూ 5 సెంటీమీటర్ల సందు మాత్రమే ఉంచండి. రెక్క దిగేకొద్దీ దిమ్మెలు తీస్తూ రావాలి, అదీ జాక్ ఎత్తి ఉన్నప్పుడే. మిగతా ఏ సమయంలోనూ రెక్క కింద చెయ్యి కూడా పెట్టకూడదు, అడుగున ఏదో కనిపించిందని తల దూర్చడం అసలే వద్దు. కెమెరాలు పెట్టుకునేది అందుకే. హెల్మెట్లు, ఇనుప ముట్టె బూట్లు, కళ్ళద్దాలు. చూడ్డానికి వచ్చినవాళ్ళను తాడు అవతల నిలబెట్టండి.

పరీక్ష రోజు

ఉష్ణోగ్రత, గాలిలో తేమ రాసుకోవడంతో మొదలుపెట్టండి. కొయ్య రెక్క అయితే కొయ్యలో తేమ శాతం కూడా. కాంపోజిట్ రెక్కకు వేడి పెద్ద శత్రువు, ఎండలో నిలబెట్టిన విమానం రెజిన్ మెత్తబడొచ్చు. యూరప్ గ్లైడర్ల పరీక్షల్లో 54 డిగ్రీల సెల్సియస్ చాలాకాలంగా వాడుకలో ఉన్న అంకె. రెక్క చుట్టూ టెంటులా కట్టి హీటర్లతో వేడి చేస్తారు. అది కుదరకపోతే చల్లటి పరీక్షలో గుణకం పెంచాలి. ఎంత పెంచాలన్నది మీ రెజిన్ వివరాలు తెలిసినవాళ్ళు చెప్పాలి, ఊహించి వేయొద్దు.

మొదట 25 శాతం లోడు పెట్టి పూర్తిగా దించేయండి. బోల్టులు, పిన్నులు వాటి చోట్లలో కుదురుకుంటాయి. ఆ తర్వాతే స్కేళ్ళ మీద సున్నా గీత పెట్టాలి. ఈ పని చేయనివాళ్ళు చివర్లో మిగిలిన నాలుగు మిల్లీమీటర్లు చూసి కంగారు పడతారు.

ఇక అసలు పరీక్ష: 20, 40, 60, 80, 90, 100 శాతం. ప్రతి మెట్టులోనూ తొమ్మిది గడులకూ ఆ మెట్టు వాటా పడాలి. రెండు రెక్కలకూ ఒకేసారి, ఇద్దరిద్దరుగా, మొదలు నుంచి కొన వైపు పేర్చుకుంటూ పోవాలి. దించేటప్పుడు కొన నుంచి మొదలు వైపు. అలా చేస్తే మధ్యలో ఎప్పుడూ ఆ మెట్టును మించిన మొమెంట్ పడదు. ఒకరు పట్టిక చదవాలి, ఒకరు పెట్టిన ప్రతి సంచికీ గీత కొట్టాలి. సంచులు మోసేవాళ్ళకు లెక్క అప్పగించొద్దు.

ప్రతి మెట్టు దగ్గర జాక్ దించాక రెండు నిమిషాలు ఆగి కొలతలు తీసుకోండి, అక్కడికక్కడే గ్రాఫ్ కాగితం మీద చుక్క పెట్టండి. చుక్కలన్నీ ఒకే సరళరేఖ మీద పడుతుంటే బాగున్నట్టు. రేఖ అడ్డంగా వాలుతుంటే, అంటే అంతే బరువుకు ఇంతకుముందుకన్నా ఎక్కువ వంగుతుంటే, ఏదో లొంగిపోతోంది. మొదటిసారి లోడు పెట్టినప్పుడు కాంపోజిట్, కొయ్య రెక్కలు అక్కడక్కడ కిర్రుమంటాయి. దానికి టెన్షన్ పడక్కర్లేదు, కానీ ఏ మెట్టు దగ్గర, ఏ వైపు నుంచి వచ్చిందో రాసుకోండి. రేకు రెక్క మీద ఏటవాలుగా ముడతలు కనిపించవచ్చు. దించాక అవి మాయమైతే తప్పు లేదు, మాయం కాకపోతే ఉంది.

100 శాతం దగ్గర ఎయిలరాన్ కదిలించి చూడండి. కాక్‌పిట్ లోంచి కర్రతోనో తాడుతోనో, రెక్కకు దూరంగా ఉండి. రెక్క వంగినప్పుడు కీళ్ళు ఒకే వరుసలో ఉండవు, పుష్‌రాడ్ గైడ్‌కు రాసుకోవచ్చు, కేబుల్ బిగుసుకోవచ్చు లేదా వదులు కావచ్చు. స్పార్ భేషుగ్గా ఉండి కంట్రోల్ పట్టేసిన రెక్క ఈ పరీక్షలో తప్పినట్టే.

తర్వాత అదే మెట్ల మీదుగా దించండి, ప్రతి మెట్టు దగ్గరా మళ్ళీ కొలవండి. అలసిపోయి అన్నీ ఒకేసారి లాగేయాలనిపించేది ఇక్కడే. ఆ తొందరకు లొంగొద్దు, దిగేటప్పటి గీత ఎక్కేటప్పటి గీత పక్కనే నడిచిందా అన్నది ఇప్పుడే తెలుస్తుంది. పూర్తిగా దించాక పావుగంట ఆగి సున్నా చూడండి. కొంచెం తేడా మిగిలితే వెంటనే ఫెయిల్ అనుకోవద్దు, మొత్తం పరీక్షను మళ్ళీ చేయండి. రెండోసారి కొత్తగా ఏమీ మిగలకపోతే మొదటిది బోల్టులు కుదురుకోవడం. రెండోసారి కూడా అంతే మళ్ళీ మిగిలితే రెక్క లొంగుతోంది, ఎక్కడో వెతకాలి.

కిందికి పడే బలాల పరీక్షకు విమానాన్ని మామూలుగా నిలబెట్టి రెక్క పైభాగం మీద సంచులు పేరుస్తారు. లెక్క అదే. 2 జీకి 2 × 420 లోంచి 80 తీస్తే 760 కేజీలు, ఒక్కో వైపు 380. ఇక్కడ స్పార్ కింది పట్టీ నొక్కుడుకు గురవుతుంది, స్ట్రట్ ఉంటే అదీ నొక్కుడులోకి వెళ్ళి పక్కకు వంగిపోవచ్చు. చిన్న అంకె అని దీన్ని దాటేయకండి. పైకి అల్టిమేట్ పరీక్ష చేయబోతుంటే దీన్ని ముందే పూర్తిచేయండి.

విరిగేదాకా

రెండో రెక్క ఉంటే 110, 120, 130, 140, 150 శాతాల మీదుగా వెళ్ళండి. 150 దగ్గర జాక్ పూర్తిగా దించి 3 సెకన్లు వీడియోలో గడియారం కనిపించేలా లెక్కపెట్టండి. నిలబడితే అక్కడితో ఆపకుండా విరిగేదాకా తీసుకెళ్ళమనే నా సలహా. బలహీనమైన చోటు ఏదో తెలుస్తుంది, ఎంత మిగులు ఉందో తెలుస్తుంది. 1995 జనవరిలో బోయింగ్ 777 రెక్క లిమిట్‌కు 154 శాతం దగ్గర విరిగింది. లెక్కకు అంత దగ్గరగా విరగడం ఇంజనీర్లకు గర్వకారణం, ఎందుకంటే అవసరానికి మించిన బరువు రెక్కలో లేదని అర్థం. 2006 ఫిబ్రవరిలో ఎయిర్‌బస్ ఏ380 రెక్క సుమారు 145 శాతం దగ్గరే విరిగింది, దాన్ని బలపరచాల్సి వచ్చింది. మీ రెక్క 210 శాతం దాకా విరగకపోతే బలంగా ఉందని సంతోషించొచ్చు, కానీ ప్రతి ప్రయాణంలోనూ అక్కర్లేని కేజీలు మోస్తున్నారు.

విరిగిన ముక్కల్ని వెంటనే కదపొద్దు. ముందు ఫొటోలు, తర్వాత మొదట ఎక్కడ తెగిందో వెతకడం. వీడియోను ఒక్కో ఫ్రేమ్ చూస్తే తరచూ మనం అనుకున్న చోటు కాకుండా ఇంకో చోట మొదలైనట్టు తేలుతుంది.

తర్వాత

లిమిట్ దాకా వెళ్ళిన రెక్కను విప్పి చూడండి. బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయా? రివెట్ల చుట్టూ రంగు చిట్లిందా? కాంపోజిట్ రెక్కను నాణెంతో కొట్టుకుంటూ పోతే పొరలు విడిపోయిన చోట మొద్దు శబ్దం వస్తుంది. కొయ్య స్పార్‌లో నొక్కుడు దెబ్బ నారకు అడ్డంగా వెంట్రుకంత గీతలా ఉంటుంది. పక్కనుంచి లైటు వేస్తే తప్ప కనిపించదు. దాన్ని గీత అని వదిలేయొద్దు, స్పార్ మార్చాలి. రెక్కల కోణం మళ్ళీ కొలిచి పరీక్షకు ముందు కొలతతో పోల్చండి.

ఈ పరీక్ష ఫ్లట్టర్ (వేగంలో రెక్క అదుపు తప్పి అల్లల్లాడడం) గురించి ఏమీ చెప్పదు. వేల గంటల తర్వాత లోహం అలసిపోయే సంగతి చెప్పదు. తోక, ఇంజన్ మౌంట్, లాండింగ్ గేర్ విడిగా పరీక్షించాల్సినవి. మొదటి ప్రయాణాల్లో జీ మీటర్ పెట్టుకుని 2 జీ దగ్గర మొదలుపెట్టి, దిగిన ప్రతిసారీ మొదలు దగ్గర పట్టీలు, బోల్టులు చూసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచండి. పట్టికలు, గ్రాఫులు, సంచుల తూకాలు, వీడియోలు అన్నీ విమానం లాగ్‌బుక్‌తో పాటు దాచండి. రేపు ఎవరైనా ఆ విమానానికి బరువైన ఇంజన్ పెట్టాలనుకుంటే, లేదా రెక్కకు దెబ్బ తగిలి మరమ్మతు చేయాల్సి వస్తే, వాళ్ళు మొదట అడిగేది ఆ కాగితాలే.